ముత్తాత గడిలో ఏమి రాయాలి?



ఈ మధ్య మన కుటుంబాలలో వంశవృక్షం రాసుకోవాలన్న కోరిక కనిపిస్తోంది. మంచిదే. తాత వరకు పేర్లు సులువుగా దొరుకుతాయి. చిక్కు అంతా ముత్తాత దగ్గరే.

పెళ్ళిళ్ళకు, జ్ఞానస్నానాలకు ప్రతి విచారణలోనూ పుస్తకం ఉంచాలని ట్రెంటు మహాసభ 1563లోనే నిర్ణయించింది. కాని ఆ పుస్తకంలో మన ఇంటి కథ మనవాళ్ళు జ్ఞానస్నానం పొందిన నాటి నుంచే మొదలవుతుంది. అంతకు ముందు? సుల్తానాబాద్ ప్రాంతం ఎలగందల జిల్లాలో ఉన్న రోజుల్లో నిజాం సర్కారు భూములు కొలిపించి సేత్వార్ రాయించింది. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు ఉంటాయి. ఆ చెలక దున్నిన జీతగాడి పేరు ఉండదు. శిస్తు కట్టనివాడితో సర్కారుకేం పని?

దీని పక్కన మరో సంగతి పెట్టి చూడండి. 1860లో మద్రాసు రేవు నుంచి 'ట్రూరో' అనే ఓడ 342 మందితో బయలుదేరి నవంబరు 16న నటాల్‌లోని డర్బన్ చేరింది. 1911 వరకు అలా ఒప్పందపు కూలీలుగా నటాల్ వెళ్ళినవారు లక్షన్నర పైమాటే. వారిలో తెలుగువారూ ఉన్నారు. ఇవాళ వారి మునిమనవలు ఆ ఓడల జాబితాలు తిరగేస్తే పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, చివరకు ఒంటిమీది మచ్చలు కూడా కనిపిస్తాయి. ప్రేమతో రాసినవి కావవి, కూలీని గుర్తుపట్టడానికి రాసుకున్నవి. అయినా రాత మిగిలింది. ఊళ్ళోనే ఉండి దొర పొలంలో నడుము వంచినవాడికి ఆ మాత్రం కూడా మిగలలేదు.

(ఆదిలాబాదు గోండులకు ప్రధానులు కిక్రీ వాయిస్తూ పూర్వుల కథ చెబుతారు. మాదిగవారికి డక్కలివారు పటం విప్పి జాంబపురాణం చెబుతారు. కులం పుట్టుక అందులో దొరుకుతుంది, మన ముత్తాత మాత్రం దొరకడు.)

ఒక యువకుడు నన్నడిగాడు: "ఫాదర్, మా ముత్తాత జీతగాడట. రైతు అని రాస్తే ఎవరికి నష్టం? పిల్లలు చిన్నబుచ్చుకోరు కదా."

తేలికగా కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. పెద్దలను గౌరవించమని నాలుగవ ఆజ్ఞ. అబద్ధ సాక్ష్యం పలకవద్దని ఎనిమిదవది. ఇక్కడ రెండూ ఢీకొంటున్నట్టు అనిపిస్తుంది. పునీత తోమాసు అక్వినాసు సత్యం పలకడాన్ని న్యాయానికి అనుబంధమైన సుగుణంగా చెప్పాడు. అంటే నిజం ఎదుటివాడికి మనం పడ్డ బాకీ లాంటిది. చచ్చిపోయినవాడికీ బాకీ ఉంటామా అంటే, ఉంటామనే నా అభిప్రాయం. ఆయన వచ్చి "అది నేను కాదు" అని చెప్పుకోలేడు గనుక మరీ ఎక్కువగా ఉంటాము. రైతు అని రాసిన క్షణంలో మనం గౌరవించింది ఆయనను కాదు, ఆయన చోట కూర్చోబెట్టిన మరొకరిని. బ్రతికినన్నాళ్ళూ దొర ఆయనను లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు సొంత మనవడూ అదే పని చేస్తే ఎలా?

మత్తయి సువార్త మొదటి అధ్యాయం తీయండి. దావీదు పేరుతో పాటు తామారు, రాహాబు ఉన్నారు. ఊరియా భార్య ప్రస్తావనా ఉంది. దాచిపెట్టడం మత్తయికి చేతకాక కాదు.

ఆ యువకుడికి నేను చెప్పింది ఇంతే. జీతగాడు అనే రాయి. పేరు తెలియకపోతే ఆ చోటు వదిలెయ్యి. మీ నాయనమ్మ దగ్గర కూర్చుని, ఆయన ఎవరింట్లో జీతమున్నాడో, ఏడాదికి ఎన్ని గింజలిచ్చేవారో, ఏ అప్పు కింద కుదిరాడో అడిగి కింద రాసుకో.