ఎవరికో రాసిచ్చిన పుస్తకం

ఏడేళ్ళ క్రితం ఒక ఆదివారం, ఆబిడ్స్‌ ఫుట్‌పాత్ మీద ఒక కవితాసంపుటి అరవై రూపాయలకు కొన్నాను. మొదటి ముద్రణ. ఇంటికొచ్చి తెరిస్తే, మొదటి పేజీలో కవి చేతిరాత. ఫలానా మిత్రుడికి, ఈ పద్యాలు అందరికంటే ముందు విన్నందుకు అని. కింద సంతకం, తేదీ.

అలా పట్టుకుంది పిచ్చి. ఇప్పుడు నా దగ్గర అలాంటివి ముప్పై ఒకటి ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ వాడిని కదా, ఎక్సెల్ షీట్ కూడా ఉంది: రచయిత, సంవత్సరం, ఎవరికి రాసిచ్చారు, ఎంత పలుకుతుంది.

నా వృత్తిలో ఒక ఫైలుకీ దాని కాపీకీ తేడా లేదు. మరి పుస్తకం దగ్గర ఈ యావ ఎందుకు? చేతిరాత కోసమా? శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ 1950లో మొదట వచ్చింది. 1981లో లండన్ నుంచి ఆయన దస్తూరీతోనే అచ్చయింది. కానీ అందులో దస్తూరీ అందరికోసం. నాలాంటివాడికి కావలసింది, ఒక్కరికోసం రాసినది. చిక్కేమిటంటే, ఆ ఒక్కరూ నేను కాదు.

ఇంగ్లీషు పుస్తకాల వ్యాపారంలో, పుచ్చుకున్నవాడు కూడా పేరున్నవాడైతే దాన్ని ‘అసోసియేషన్ కాపీ’ అంటారు, ధర పెరుగుతుంది. అంటే వెల కట్టేది స్నేహానికి. పాల్ థెరూ తాను నైపాల్ దంపతులకు రాసిచ్చిన పుస్తకం ఒక వ్యాపారి కేటలాగులో 1500 డాలర్లకు కనబడిందని, 1998లో వచ్చిన ‘సర్ విడియాస్ షాడో’లో చెప్పాడు. ముప్పై ఏళ్ళ స్నేహం తెగిన కథ అది. ఆ కేటలాగు చూసి ఉంటే నేనేం చేసేవాణ్ణి? జాలిపడేవాణ్ణి, తర్వాత ధర గురించి బేరమాడేవాణ్ణి.

మనలాంటివాళ్ళు కొనకపోతే ఇవి తూకానికి పోతాయి కదా అని వాదించవచ్చు. నిజమే. కానీ కాపాడటం వేరు, నాదనుకోవడం వేరు. చట్టం కూడా కాగితం నాదే అంటుంది కానీ, ఆ రెండు వాక్యాలు అచ్చు వేసుకునే హక్కు నాకివ్వదు. మన దేశంలో రచయిత పోయిన అరవై ఏళ్ళ దాకా అది ఆయనదీ, వారసులదీ.

పోయినేడు ఆ మిత్రుడి ఇంటివాళ్ళ నంబరు దొరికింది. మనవరాలు మాట్లాడారు. “తాతయ్య పోయాక ఇల్లు ఖాళీ చేస్తూ మేమే వేసేశామండీ. మీ దగ్గరే ఉంచుకోండి. ఆ పేజీ ఒక్కటి ఫొటో తీసి పంపుతారా?”

పంపాను. హమ్మయ్య అనిపించింది. ఆ వెంటనే సిగ్గేసింది. నేను ఫోన్ చేసింది తిరిగి ఇవ్వడానికి కాదు, ఉంచుకోమనిపించుకోడానికి. ఆ రాత్రి షీట్‌లో ధరల కాలమ్ తీసేశాను. ఎవరివాళ్ళైనా అడిగితే ఇచ్చేయాలి, ఒక్కటీ అమ్మకూడదు అనుకున్నాను.

ఇంకొకటి చెప్పాలి. రెండేళ్ళ క్రితం ఒక సభలో ఓ కొత్త కథకుడు తన మొదటి పుస్తకం నా పేరు రాసి ఇచ్చాడు, మొహమాటపడకుండా చదివి చెప్పమని. నలభయ్యో పేజీ దగ్గర బుక్‌మార్క్ అలాగే ఉంది. అది నా షీట్‌లో లేదు. రేపెప్పుడో ఫుట్‌పాత్ మీద ఎవరికైనా దొరికితే, నా పేరు చూసి, నేను దాన్ని చదివే ఉంటానని అనుకుంటారు.