పచ్చికుండ దగ్గర ఆగిన ప్రశ్న

రాయదుర్గంలో కోడు రాసుకునే ఒక హేతువాదిని ఊహించుకుందాం. ఆషాఢంలో లష్కర్ బోనాల మర్నాడు బ్లూ లైన్ మెట్రో ఎక్కి సికింద్రాబాద్ వెళ్లి, ఉజ్జయినీ మహంకాళి గుడిలో పచ్చికుండ మీద నిలబడి రంగం (భవిష్యవాణి) చెప్పే జోగిని గుట్టు రట్టు చేయాలని ఆయన పట్టుదల. "పచ్చికుండ మీద నిలబడినా అది పగలకపోవడం మహిమట. బరువు నిటారుగా దిగితే మట్టి ఓర్చుకుంటుంది. ఇంతే కదండీ?" అంటారాయన. కుండ వరకు అంతే. నిప్పుల మాటా ఇలాంటిదే. విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు నిప్పుల మీద నడిచి చూపించారు. బూడిద పట్టిన నిప్పుల వేడి పాదానికి నెమ్మదిగా ఎక్కుతుంది, ఆగకుండా నడిస్తే కాలదు. నిప్పుల మీద నడవడానికి దేవుడి తోడు అక్కర్లేదని దానితో తేలింది. నడిచే భక్తుడు మోసగాడని మాత్రం తేలలేదు. ఒంటి మీదికి అమ్మవారు వచ్చిందని ఆ మనిషి మనస్ఫూర్తిగా నమ్ముతూ ఉండవచ్చు. కుండ లెక్క ఆ నమ్మకం జోలికే పోదు.

"మరి భవిష్యవాణి మాటేమిటి?" అని ఆయన వదలరు. వానలు పడతాయి, బిడ్డల్ని కాపాడుకుంటాను వంటి మాటలు తప్పయ్యే వీలే లేదు. ఏ జిల్లాలో, ఎప్పటిలోగా అని ముందే అడిగి రాసుకుని, ఏడాది తిరిగాక సరిచూడవచ్చు. శ్రీలంకలో స్థిరపడిన హేతువాది అబ్రహాం కోవూర్ అద్భుతం చూపినవారికి లక్ష రూపాయలిస్తానని 1963లో సవాలు విసిరారు. 1978లో ఆయన కన్నుమూసేదాకా ఆ సొమ్ము ఎవరూ గెలవలేదు. "ఇంత తెలిసీ రంగాన్ని మన్నిస్తే, సందులో తాయెత్తు అమ్మేవాడికి అండ దొరకదా?" ఈ అభ్యంతరంలో బలముంది, కొట్టిపారేయలేను. అయితే రోగి చేత మందు మాన్పించేవాడి దగ్గర నష్టం కళ్లెదుటే ఉంటుంది. మంత్రతంత్రాలతో జబ్బులు నయం చేస్తామన్న ప్రకటనలను నిషేధిస్తూ 1954లోనే చట్టం వచ్చింది. హేతువాది పట్టుదలంతా ముందు అక్కడ ఖర్చు కావాలి.

రంగం దగ్గర అడగవలసింది వేరే ఉంది. జోగిని అన్న మాట వెనక, దేవుడి పేరున విడిచిపెట్టిన దళిత ఆడపిల్లల బతుకులున్నాయి. ఊరి పెద్దలు వాళ్లను వాడుకున్నారు, పుట్టిన పిల్లలకు తండ్రి పేరు దక్కలేదు. ఆ అర్పణను నేరం చేస్తూ ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టం తెచ్చింది. కవి జాషువా కూతురు, నాస్తిక కేంద్రం పెట్టిన గోరా కోడలు అయిన హేమలతా లవణం నిజామాబాద్ జిల్లాలో జోగినుల మధ్యే ఏళ్లతరబడి పనిచేశారు. నిప్పుల మీద నడిచి చూపిన నాస్తికత్వమే ఆమెను అక్కడికీ నడిపించింది. నా లెక్కలో ఇదే పెద్ద పరీక్ష. "అంటే రంగం చెప్పే ఆ స్త్రీని ప్రశ్నించకూడదంటారా?" తప్పక ప్రశ్నించండి. పూనకం దిగాక, జనం వెళ్లిపోయాక, ఆమె ఇష్టపడితేనే అడగండి: ఏ వయసులో ఈ పని మీద పడింది, ఎవరు నిర్ణయించారు, కాదనే వీలుందా, రంగం లేని రోజుల్లో ఇల్లెలా గడుస్తోంది? అవే ప్రశ్నలు గుడి పాలకవర్గాన్నీ దేవాదాయ శాఖనూ అడగండి. కుండ దగ్గర పెట్టిన కెమెరాకు ఈ జవాబులు చిక్కవు.