బెరయవారి అలవాటు



1955 ఆంధ్ర ఎన్నికలలో కాడెద్దుల గుర్తు, కంకి కొడవలి గుర్తు పల్లెలను రెండుగా చీల్చినవని పెద్దలు చెప్పుదురు. నేడు గుర్తులు మారినవి గాని చీలిక మానలేదు. కూలి బిగబట్టుట పాపమని యాకోబు పత్రిక 5వ అధ్యాయమునుండి బోధించితిని. "అయ్యగారు ఎఱ్ఱజెండా మనిషి" అన్నారు. ఓటుకు సొమ్ము పుచ్చుకొనరాదని అదే నోట చెప్పితిని. "అవతలి పక్షమునకు అమ్ముడుపోయిరి" అన్నారు. చెప్పినది నిజమా కాదా అని ఒక్కరును అడుగలేదు. దాచనేల? ఆ పిమ్మట కొన్నాళ్లు కూలి మాట ఎత్తుటకు నేనే జంకితిని.

అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములో బెరయవారిని చూడుడి. పౌలంతటివాడు చెప్పినను, మనసిచ్చి విని, దినదినము లేఖనములు విప్పి సరిచూచుకొనిరి. పౌలు ఏ పక్షమువాడని అడిగినట్లు అక్కడ లేదు.

వచ్చు ఆదివారము కూలి మాటయే మరల చెప్పెదను. రెండు వీధులవారును బైబిళ్లు తెచ్చుకొనుడి. నా మాట తప్పైతే చూపుడి.