విత్తనమును రొట్టెయు

చదువవలసిన భాగములు: 2 రాజులు 12:4-16, 2 కొరింథీయులకు 8:16-21, 9:6-12

యెరూషలేములోని బీదల కొరకు చందా కూర్చుచు అపొస్తలుడైన పౌలు, దేవుడు రెండు ఈవుల నిచ్చువాడని కొరింథు సంఘమునకు వ్రాసెను: విత్తుటకు గింజలు, భుజించుటకు రొట్టె. ఇది యెషయా 55:10 లోని తలంపు. దయచేయుట అను భావమునకు ఇచ్చట పౌలు వాడిన గ్రీకు క్రియ ఎపిఖొరేగేయో. పూర్వము ఏథెన్సులో గాయకబృందపు ఖర్చును తన సొంత ధనముతో భరించిన పౌరుని ఖొరేగొస్ అనిరి. ఈ క్రియకు మూలము ఆ పదమే. దేవుడు అట్టి ధారాళమైన దాత.

ప్రియులారా, విత్తనమును రొట్టెయు ఒకే ధాన్యము. అయినను విత్తనములను తినివేసిన రైతునకు వచ్చే యేడు పంట లేదు. తినవలసిన ధాన్యమును గాదెలో దాచినవాని పిల్లలు ఈ యేడే పస్తుందురు. మన సంఘముల శాశ్వత నిధులకు ఈ భేదమే పునాది. ఒక విశ్వాసి తన తల్లి జ్ఞాపకార్థము కొంత సొమ్ము నిచ్చును. ఆ మూలధనము విత్తనము, దానిని ముట్టరాదు. ఏటేట వచ్చు వడ్డి రొట్టె; అది దాత కోరిన ధర్మమునకే, అనగా విధవరాలి మందులకో, బీదపిల్లల చదువునకో చెల్లవలెను.

ఒక లెక్క చూతము. 10,000 రూపాయల నిధికి నూటికి 8 వంతున ఏటికి 800 వడ్డి వచ్చుననుకొనుడి. ధరలు నూటికి 6 వంతున హెచ్చినచో, విత్తనము బలము తగ్గకుండుటకు 600 తిరిగి మూలధనములో చేరవలెను. అయితే పన్ను మినహాయింపు పొందు ధర్మసంస్థ తన యాదాయములో సామాన్యముగా నూటికి 85 వంతులు ధర్మమునకే వెచ్చింపవలెనని మన దేశపు చట్టము కోరుచున్నది. ఆ ప్రకారము 680 బీదలకు పోగా మిగులునది 120. కొరత 480. దానిని ఎవరు తీర్తురు? మన తాతలు ప్రభువునందు నిద్రించిరి. మనమే తీర్పవలెను. తండ్రులు విత్తిరి గనుక కుమారులు విత్తనక్కరలేదని ఏ నిధియు చెప్పజాలదు.

ఒక సంఘపు నిధి కమిటీలో నేను సభ్యుడనైయున్న దినములలో, ఒక ఉపాధ్యాయురాలు బీద బాలికల చదువునకై విడిచిన నిధి వడ్డి ఒక యేడు ప్రహరీ గోడకు మళ్లింపబడెను. గోడ అవసరమే. వచ్చే యేడు తిరిగి కట్టుదమనుకొంటిమి. నేనును సంతకము చేసితిని. జూన్ మాసములో ఒక తల్లి కుమార్తెను వెంటబెట్టుకొని దరఖాస్తుతో వచ్చినప్పుడు మాయొద్ద గోడ యుండెను, రొట్టె లేకుండెను. ఎవరును ఒక్క రూపాయి దొంగిలింపలేదు. అయినను ఆ భక్తురాలి నమ్మికను మేము వమ్ము చేసితిమి. ఆ బాలిక ముఖము నేటికిని నా యెదుట నున్నది.

యోవాషు ఏలుబడిలో 23వ సంవత్సరము వరకు యాజకులు మందిరమును బాగుచేయింపలేదు. వారు దొంగలని లేఖనము చెప్పదు. ఇచ్చిన సొమ్ము ఇచ్చిన పనికి చేరలేదనియే తెలుపుచున్నది. అప్పుడు యెహోయాదా ఒక పెట్టె మూతకు బెజ్జము చేసి, బలిపీఠము దగ్గర అందరికిని కనబడునట్లు ఉంచెను. రాజు లేఖకుడును ప్రధానయాజకుడును కలిసి లెక్కించిరి. ఆ సొమ్ముతో వెండి పాత్రలైనను చేయింపక, పనివారికే ఇచ్చిరి. పౌలు సహితము తనపై ఎవరును నింద మోపకుండునట్లు ఆ చందాను ఒంటరిగా మోయక, సహోదరులను తోడు చేసికొనెను. అపొస్తలునికే అక్కరైన జాగ్రత్త మనకు అక్కరలేదా?

కావున ఈ సంవత్సరమున మీ సంఘపు వార్షిక సభలో ప్రతి నిధియొక్క దానపత్రమును బిగ్గరగా చదివించుడి. వడ్డి ఎవరి చేతికి చేరెనో అడుగుడి. అటుపిమ్మట మీ వంతు విత్తనమును దానికి చేర్చుడి.

ప్రార్థన: సమస్తమును అనుగ్రహించు తండ్రీ, మృతులు మాకప్పగించిన దానిని బీదలకు నమ్మకముగా చేర్చు హృదయమును మాకు దయచేయుము. మేము తప్పిపోయిన చోట మమ్మును క్షమించి సరిచేయుము. యేసు నామమున, ఆమేన్.