పత్తి చేనిలో హింస, అహింస

ఉమ్మడి నల్లగొండలోని కొలనుపాక, పాలమూరులో జడ్చర్ల సమీపాన ఉన్న గొల్లత్తగుడి ఒకనాడు జైనధర్మం వేళ్లూనిన చోట్లు కాగా, ఆ మెట్టనేలల్లోనే నేడు పత్తి విస్తారంగా పండుతున్నందున, పురుగును పురుగుతో చంపించడం అహింసకు సమ్మతమా అన్న ప్రశ్న అక్కడ సహజంగానే తలెత్తుతుంది. జైనశాస్త్రం చంపాలన్న తలంపుతో చేసే సంకల్ప హింసను గృహస్థుకు పూర్తిగా నిషేధించి, ఇంటిపనుల్లో జరిగే ఆరంభ హింసను, సేద్యం వంటి జీవనోపాధిలో జరిగే ఉద్యోగ హింసను, ఆత్మరక్షణలో జరిగే విరోధ హింసను వీలైనంత తగ్గించుకొమ్మన్నది.

శనగపచ్చ పురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టి వాటిని నాశనం చేసే ట్రైకోగ్రామా అనే అతిచిన్న పరాన్నజీవిని అట్టముక్కలపై అంటించి ఉన్న రూపంలో తెచ్చి పత్తి ఆకులకు తగిలించే రైతుకు చంపే తలంపే లేదనడం నిజాయితీ కాదు. అయితే పేనుబంకను తినే అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు నిలిచేందుకు పత్తి పక్కన అలసంద వేసి, మందు కొట్టకుండా ఆగడం వేరు. అక్కడ రైతు చంపడం మానుకుంటున్నాడు, చేను తన క్రమాన తాను నడుస్తోంది. విషమో, పురుగుతోపాటు దాని శత్రువునూ తేనెటీగనూ చంపి, పిచికారీ చేసే కూలి ప్రాణానికీ ముప్పు తెస్తుంది. కనుక మిత్రపురుగుల సేద్యాన్ని ఉద్యోగ హింసలో అత్యల్పమైనదిగా ఎంచడం న్యాయం. దానికి అహింస అని పేరు పెట్టడం మాత్రం తగదు.