ఆసరాగా నిలిచిన మట్టి

గుంటూరు సీమలో నల్లరేగడి స్వభావము ఎరుగనివారు లేరు. అది వానకు ఉబ్బును, ఎండకు కుదించుకొనిపోయి నెఱ్ఱెలు విచ్చును. నీరు పోయిన మట్టి తగ్గక మానదు. మన కుమ్మరులు కుండను ఆరబెట్టుటలో అంత ఓర్పు చూపుట ఇందుకే. పింగాణి బొమ్మలు చేయువారికి ఈ చిక్కు మరింత పెద్దది. దానిని వారు తీర్చుకొను పద్ధతిలో మనము ఆలోచింపదగిన సంగతి యొకటి కలదు.

పింగాణికి ముఖ్యముగా మూడు వస్తువులు కావలెను: తెల్లని చీనామట్టి, పలుగురాతి పొడి, ఫెల్స్‌పార్ అను రాతి పొడి. కడపటి రెండును మన పొరుగున గూడూరు అభ్రకపు గనుల ప్రాంతమున దొరకును. ఈ పనికి పేరుపొందిన జర్మనీలోని మైసెన్ కార్ఖానా 1710లో స్థాపింపబడినది. 1731లో అక్కడ చేరిన కాండ్లర్ అను శిల్పి తాను మలచిన బొమ్మలచేత ప్రసిద్ధుడయ్యెను. చేతిపని క్రమము నేటికిని ఇంచుమించు అదియే. తల, చేతులు, మొండెము వేరువేరుగా అచ్చులలో తీసి, అదే మట్టితో కలిపిన చిక్కని జావతో అతికింతురు. లోపల బోలుగా నుంచి, గాలి పోవుటకు చిన్న రంధ్రము విడుతురు.

బాగుగా ఆరిన పిమ్మట ఆవములో కాల్చుదురు. కడపటి కాల్పులో వేడి సుమారు 1300 నుండి 1400 డిగ్రీల సెంటిగ్రేడు వరకు పోవును. అప్పుడు ఫెల్స్‌పార్ కరగి గాజువలె అగును, బొమ్మ మెత్తబడును, మొదటి పరిమాణములో దాదాపు ఆరవ వంతు తగ్గిపోవును. చాచిన చెయ్యి ఉన్నయెడల అది వాలిపోవును గనుక దాని క్రింద ఆసరా నిలుపుదురు. ముందే కాలి గట్టిపడిన మట్టి ఇందుకు పనికిరాదు. బొమ్మ తగ్గుచుండగా అది తగ్గదు. ఆనుకొన్న చోటనే చెయ్యి విరుగును. కాబట్టి ఆ మట్టితోనే ఆసరాను చేసి, కాల్చక మునుపే బొమ్మతో కూడ ఆవములో పెట్టుదురు. బొమ్మ తగ్గినంత అదియు తగ్గును.

పడిపోవుచున్నవానిని నిలువబెట్టుట ఎట్లు? మిరపకు తెగులు తగిలి, పత్తికి ధర పడి, అప్పులలో మునిగిన సహోదరుని ఇంటికి మనము వెళ్లి, ముందే జాగ్రత్తపడవలసినదని చెప్పి వత్తుము. మాట సత్యమే కావచ్చును. గాని అది ఏనాడో కాలి గట్టిపడిన మట్టి. వాని దుఃఖములో తాను ఏమియు తగ్గదు. యోబు స్నేహితులు ఏడు దినములు అతనితో నేలను కూర్చుండినంతవరకు ఆసరాయై యుండిరి. వాదింప నారంభించిన తరువాత గాయపరచిరి.

అట్లయిన అప్పులవానికొరకు మనమును అప్పులపాలు కావలెనా, త్రాగుబోతును లేపుటకు త్రాగవలెనా అని కొందరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. పనివారు ఆసరాకును బొమ్మకును నడుమ అల్యూమినా పొడి పూయుదురు. అది ఆ వేడికి కరగక, రెంటిని అంటుకొననీయదు. అగ్ని ఒక్కటే, మట్టి ఒక్కటే. అయినను ఒకటి మరియొకదానిలో కలిసిపోదు. సహాయము పొందినవాడు తుదకు తన కాళ్లమీద నిలువవలెను. విడువనెరుగని సహాయము కూడ బంధకమే.

1883లో గుంటూరునకు వచ్చిన వైద్యురాలు అన్నా కుగ్లర్, 1930లో ఈ ఊరనే కన్నుమూసెను. దూరమునుండి మందులు పంపుట వేరు. మన ఎండలలో, మన రోగుల నడుమ బ్రదుకు గడుపుట వేరు. హెబ్రీయులకు వ్రాయబడిన పత్రిక రెండవ అధ్యాయము బోధించునదియు ఇదియే. మన ప్రభువు మన శ్రమను తాను అనుభవించి ఎరిగినవాడు గనుకనే మనలను ఆదుకొనగలడు.

కాల్పు ముగియగానే ఆసరాను తీసి పారవేయుదురు. ఒకసారి కుదించుకొనినది మరల పనికిరాదు. అద్దాల బీరువాలో బొమ్మను చూచి మెచ్చుకొనువారెవరును దానిని తలంపరు. ప్రియ చదువరులారా, మన సంఘములో నేడు ఎవరి చెయ్యి వాలుచున్నది? దాని క్రింద నిలుచుటకును, పని ముగిసిన పిమ్మట మరువబడుటకును మనము సమ్మతింతుమా?