అపొల్లోను చేర్చుకొన్నవారు

అకుల, ప్రిస్కిల్ల మనవంటి వలసవారే. క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞవలన రోమా విడిచి, కొరింథులో డేరాలు కుట్టుచు బ్రదికిరి. ఎఫెసులో అపొల్లో బోధ వినిరి. గొప్ప వక్తయే గాని యోహాను బాప్తిస్మము మాత్రమే ఎరిగినవాడు. వారు సభలో లేచి తప్పుపట్టలేదు, చేర్చుకొని మార్గమును విశదపరచిరి (అపొ. కా. 18:26).

నైటీలు కుట్టే తళవాయిపురములో ఇది సులువుగా అర్థమగును. ఇచ్చట తెలుగు ఇంటి భాషయైనను బడిలో నేర్చినది తమిళ అక్షరములే. అట్టి యౌవనుడు తెలుగు వాక్యము చదువుచు తడబడితే మనము నవ్వుదుము. ఒప్పుకొనవలెను.

1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్య మనకు కంఠతా వచ్చును. తరువాత పల్లెపల్లెకు నడచి వారికి ప్రార్థన నేర్పిన బోధకుల పేర్లు ఎందరికి వచ్చును?

ఈ ఆదివారము ఆ యౌవనుని భోజనమునకు పిలువుడి. కలిసి చదువుడి. తమిళ బైబిలైనను సరే.